తలా తోకా లేని గుర్రం

డాక్టరు ఎక్స్‌రేని కిటికీ వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఎడమ తుంటి కీలు దగ్గర వేలు పెట్టి అడిగాడు.

"మీరు గుర్రపుస్వారీ చేస్తారా?"

"చేస్తానండీ," అంది ఆవిడ.

"ఎన్నాళ్ళ నుంచి?"

"తొమ్మిదో ఏట మొదలుపెట్టా. ఇప్పుడు యాభై రెండు."

డాక్టరు ముఖంలోకి గౌరవం వచ్చింది. "మామూలుగా ఎంత దూరం వెళ్తుంటారు?"

"ఇంతవరకూ అడుగు కూడా కదల్లేదండీ."

ఆవిడ వేళాకోళం ఆడటం లేదు. నలభై మూడేళ్ళలో ఆవిడ ఎక్కి దిగిన జీన్లు మూడు వేల పైచిలుకు ఉంటాయి. గుర్రం మాత్రం ఒక్కటే. అది కొయ్యది. దానికి తల లేదు, తోక లేదు, కాళ్ళు నేలలో పాతి ఉంటాయి. ఇదంతా ఆవిడ చెప్పాక డాక్టరు ఎక్స్‌రేని మళ్ళీ కవరులో పెట్టాడు.

ఆవిణ్ణి ఇంట్లోనూ వీధిలోనూ అందరూ తూకం అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇంకోటి ఉంది. ఆసుపత్రిలో నర్సు ఆ పేరుతో మూడుసార్లు పిలిస్తే, ఎవరినో అనుకుని తను కూడా చుట్టూ చూసింది.

జీన్లు కుట్టడం వాళ్ళింట్లో తాతతో మొదలైంది. తాత కంటే ముందువాళ్ళు ఏం చేసేవారో తాత ఎప్పుడూ చెప్పలేదు. ఆయన లెక్కలో ప్రపంచం జీనుతోనే మొదలైంది. కుర్రతనంలో సైన్యం గుర్రాల సరంజామా బాగుచేసే చోట పని నేర్చుకుని, చేయి తిరిగాక బయటికొచ్చి, ఊరి చివర ఖాళీ స్థలంలో నాలుగు కర్రలు పాతి పైన రేకు వేసుకున్నాడు. ఒక పెద్ద మాను తెప్పించి మూడు నెలలు ఒక్కడే చెక్కి గుర్రం ఒళ్ళు తయారుచేశాడు. మెడ మొదలు దాకా, నడుము చివర దాకా. జీను వేయడానికి తలెందుకు, తోకెందుకు అన్నాడు. నాలుగు కాళ్ళనీ ఎడంగా పెట్టి నేలలో పాతాడు. బుడగ నడిమధ్యకి వచ్చేదాకా రసమట్టం పెట్టి చూసుకున్నాడు. అది వెంట్రుకవాసి కూడా ఒరగని గుర్రం.

పని పెరిగింది. వానకి తోలు తడుస్తోందని రేకు తీసేసి చుట్టూ గోడలు లేపాడు. గోడలు లేచి, కప్పు పడి, తలుపు బిగించాక పక్కింటాయన అడిగాడట, "మరి గుర్రం బయటికి ఎట్లా వస్తుంది?" అని. తలుపు రెండున్నర అడుగులు. గుర్రం ఎటు తిప్పినా మూడున్నర. తాత తలుపు వంక చూశాడు, గుర్రం వంక చూశాడు. తప్పు ఒప్పుకోవడం ఆయన ఇంటావంటా లేదు.

"దానికి బయటేం పని?" అన్నాడు.

ఆ న్యాయమే తర్వాత మనుషులకీ వర్తించింది.

ఇక్కడ ఆ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. జీను కింద రెండు దిండ్లుంటాయి, గుర్రం వెన్నుకి చెరో పక్కా ఆనేవి. వాటిలో ఉన్ని కూరుతారు. ఒక పక్క పిడికెడు తక్కువైతే చాలు, జీను అటు ఒరుగుతుంది. ఎక్కినవాడికి తెలీదు. మోసేదానికి తెలుస్తుంది, వారం తిరిగేసరికి దాని వీపు పుండవుతుంది. అందుకని ఆ ఇంట్లో దిండ్లకి వెనకవైపు బెత్తెడు మేర కుట్టకుండా వదిలేస్తారు. జీనుని కొయ్యగుర్రం మీద వేసి, మనిషి ఎక్కి, కాళ్ళు వేలాడేసి, కళ్ళు మూసుకుని నూరు లెక్కపెట్టాలి. ఏ పక్క దిగిందో చెప్పాలి. ఖాళీ జీను మీద పెడితే రసమట్టానికి ఆ తేడా అందదు, సమంగా కూర్చోవడం వచ్చిన మనిషి బరువుకి ఉన్ని అణిగితేనే బయటపడుతుంది. దిగిన పక్క ఉన్ని కూరి, మళ్ళీ ఎక్కి, సమంగా ఉందన్నాకే ఆ బెత్తెడూ కుడతారు. దాన్ని ఆఖరి కుట్టు అంటారు. ఆఖరి కుట్టు పడకుండా ఆ గుమ్మం దాటిన జీను లేదు. మొదట్లో తాతే ఎక్కేవాడు. ఆయన నడుం పట్టేశాక నాన్నని ఎక్కించాడు. నాన్నకి అరవై దాకా లెక్కపెట్టేసరికి నిద్ర ముంచుకొచ్చేది.

ఒక మధ్యాహ్నం తొమ్మిదేళ్ళ మనవరాలు ఆటకి ఎక్కింది. కాసేపు కాళ్ళూపి, ఊపడం ఆపి, "తాతా, కుడి పక్క గుంటగా ఉంది," అంది. తాత నవ్వబోయి, ఎందుకైనా మంచిదని కుడి దిండులో పిడికెడు ఉన్ని కూరి మళ్ళీ ఎక్కించాడు. "ఇప్పుడు బాగుంది," అంది. ఆయన ఆ పిల్లని దించి, బుగ్గలు పుణికి, "ఇది పిల్ల కాదర్రా, తూకం!" అని ఇల్లంతా వినబడేలా అరిచాడు. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. పిల్ల అందరికంటే ఎక్కువ మురిసిపోయింది. పొగిడి కూడా మనిషిని కట్టేస్తారని తొమ్మిదేళ్ళ పిల్లకి ఏం తెలుస్తుంది?

మర్నాటి నుంచి మొదలయ్యాయి ఆంక్షలు. బడిసంచి ఒక భుజానికి తగిలించుకోకూడదు. నీళ్ళ బిందె చంకన పెట్టుకోకూడదు. తేవాలంటే రెండు చేతులా రెండు బకెట్లు తేవాలి, లేకపోతే మానేయాలి. ఒక కాలి మీద బరువు వేసి నిలబడకూడదు. తొక్కుడుబిళ్ళ ఆట బంద్. పడుకుంటే వెల్లకిలా పడుకోవాలి. ఒళ్ళు ఒక పక్కకి అలవాటు పడితే తూకం చెడుతుందని తాత భయం. అన్నిటికంటే గట్టి నిషేధం ఇంకోటుంది. ప్రాణమున్న గుర్రాన్ని ఎక్కకూడదు.

"నిజం గుర్రం వంకరగా నడుస్తుందే," అనేవాడు. "ఎక్కినవాడు దానికి తగ్గట్టు సర్దుకుంటాడు. సర్దుకోవడం అలవాటైన మనిషికి వంకర తెలీదు."

ఆ పిల్ల సర్దుకోలేదా? సర్దుకుంది. గుర్రానికి కాదు, తాతకి.

పెళ్ళి మాట రెండు మూడుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా తాత, "పిల్లలు పుడితే నడుము మునపటిలా ఉంటుందా?" అని నసిగేవాడు. నాన్న తల గోక్కునేవాడు. ఆడపిల్ల నడుము గురించి ఇంత పబ్లిగ్గా చర్చించుకున్న కుటుంబం ఇంకోటి ఉండి ఉండదు. వచ్చినవాళ్ళు కాఫీలు తాగి వెళ్ళిపోయేవారు.

ఇరవై రెండో ఏట మాత్రం ఒక తలుపు నిజంగానే తెరుచుకుంది. దూరపు ఊళ్ళో స్వారీ నేర్పే పాఠశాల నడిపే పెద్దావిడ జీన్లు తీసుకెళ్ళడానికి వచ్చింది. ఈ పిల్ల కళ్ళు మూసుకుని తూకం చెప్పడం చూసి ముక్కున వేలేసుకుంది. "మా దగ్గర నూట ఇరవై గుర్రాలున్నాయమ్మా. ఒక్కోదాని వీపు ఒక్కోలా ఉంటుంది. నువ్వొచ్చి ప్రతి గుర్రానికీ సరిపడే జీను చూసి పెట్టాలి. ఊళ్ళు తిరగొచ్చు. నెలాఖరుకి వస్తావా?" అంది. పిల్ల ఆ సాయంత్రమే రేకు పెట్టె సర్దుకుంది.

తాత కోప్పడలేదు. "వెళ్ళు తల్లీ, తప్పకుండా వెళ్ళు. ఈ ఆర్డరు అయ్యేదాకా ఆగు," అన్నాడు.

ఆ ఆర్డరు అయ్యేలోపు ఇంకోటి వచ్చింది. ఇదొక్కటీ అయ్యేదాకా ఆగు అన్నాడు. పెద్దావిడ రెండు ఉత్తరాలు రాసింది. మూడోది రాయలేదు.

వెళ్ళొద్దంటే ఎదురు తిరగొచ్చు, అన్నం మానేయొచ్చు, గోడ దూకొచ్చు. ఆగమంటే ఏం చేస్తాం? ఆగుతాం. తాత పోయాడు, తర్వాత నాన్న పోయాడు. కొట్టూ, కత్తెర్లూ, కొయ్యగుర్రం, వాటితో పాటు ఆ "ఆగు" కూడా అన్నయ్యకి సంక్రమించాయి. రేకు పెట్టెలో ఇప్పుడు కుట్టుదారానికి పట్టించే మైనం ముద్దలు దాస్తున్నారు.

అన్నయ్య చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ ఎప్పుడో తేలిపోయేది. ఆయన తోలు కోస్తాడు, వదిన కుడుతుంది, తూకం ఎక్కి చూస్తుంది. ముగ్గురి కొట్టు అది. మిషన్ల మీద కుట్టిన చవక జీన్లు బజారు నిండా ఉన్నా, ఊరి చివరి దాకా మనుషులు వెతుక్కుంటూ వచ్చేది ఒక్క కారణానికే. వీళ్ళ జీను వేసిన గుర్రానికి వీపు పుండు పడదు. ఆ ఒక్క మాట పోతే కొట్టుకి తాళమే. ఇంకో పని అన్నయ్యకీ రాదు, వదినకీ రాదు.

అన్నయ్యకి కూతురు పుట్టేనాటికి తూకానికి ముప్ఫై నాలుగేళ్ళు. ఆ పసిది చేతులు చాస్తే చంకనెత్తుకునే వీల్లేదు. రెండు చేతుల్తో ఎదురుగా, గుండెకి ఆనించి, నిండు బిందె మోసినట్టు మోసేది. "వీళ్ళత్తకి పిల్లల్ని ఎత్తుకోవడమే రాదు," అని వదిన నవ్వేది. రాకపోవడమేమిటి! చంకలో పిల్ల బరువు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఆవిడకెంత ఉండేదో ఎవరికి తెలుసు?

అదీ సంగతి. ఇక డాక్టరు చెప్పిన దానికి వద్దాం.

"ఎడమ తుంటి బాగా అరిగిపోయిందండీ. ఇకమీదట ఎత్తు మీద కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చోవద్దు. ఒక్కసారి కూడా వద్దు. ఇప్పుడే ఆపితే కర్ర లేకుండా నడుస్తారు. ఆపకపోతే ఎన్నాళ్ళు నడుస్తారో నేను చెప్పలేను."

చీటీ మీద అదే రాసి సంతకం పెట్టాడు. సిటీ బస్సులో తూకం ఆ చీటీని నాలుగుసార్లు తీసి చదువుకుంది. తర్వాత, ఎవరూ చూడటం లేదు కదా అని, బరువంతా కుడి పక్కకి వేసి కిటికీకి చేరగిలబడి కూర్చుంది. ఒక మనిషి ఇంత హాయిగా ఒరిగిపోవచ్చని ఆవిడకి యాభై రెండేళ్ళకి తెలిసింది. ఆగమనేవాళ్ళు ఇక ఎవరున్నారు? డాక్టరే రాసిచ్చాడు. దిగాల్సిన స్టాపు దాటి రెండు స్టాపులు ముందుకెళ్ళి వెనక్కి నడిచొచ్చింది.

అన్నయ్య చీటీ చదివి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ చదివాడు. "అయ్యో" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ వెంటనే ఆయన చూపు కొయ్యగుర్రం మీదికి పోయింది. దాని మీద ఒక జీను సిద్ధంగా ఉంది, దిండ్లు వెనక బెత్తెడు తెరిచి. ఒక స్వారీ పాఠశాలలో పిల్లల్ని ఎక్కించే ఆడగుర్రానికి. మర్నాడు మనిషొచ్చి పట్టుకెళ్తాడు.

"మరి ఎక్కి చూసేదెవరు?" అన్నాడు.

ముందు వదినని ఎక్కించాడు. వదిన చీర సర్దుకుని, ముక్కుతూ ఎక్కి, కళ్ళు మూసుకుంది.

"ఎలా ఉంది?"

"హాయిగా ఉందండీ. పొద్దుట్నుంచీ కాళ్ళు లాగేస్తున్నాయి, ఇప్పుడే కాస్త కూర్చున్నా."

"అది కాదే, ఎటు ఒరిగింది?"

"ఎటు ఒరగాలి?" అంది వదిన.

ఆవిణ్ణి దించి తనే ఎక్కాడు. నూరు లెక్కపెట్టి దిగి, "నాకు రెండు పక్కలా ఒరిగినట్టుంది," అన్నాడు. తూకానికి నవ్వాగలేదు. ఆ ఇంట్లో నవ్వు అంతవరకే.

సరిగ్గా అప్పుడే పిల్ల వచ్చింది. అన్నయ్య కూతురు. పిల్లంటే ఇప్పుడు పద్దెనిమిదేళ్ళది. ఓడల ఇంజన్ల చదువుకి పోటీ పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది. రేపు పొద్దున్న బస్సుకి రేవు పట్నం వెళ్ళిపోతోంది. కొత్తగా కొన్న పెద్ద సంచిని భుజాన వేసుకుని అందరికీ చూపిస్తూ తిరుగుతోంది.

"జరుగు నాన్నా, నేను చూస్తా," అని సంచి కింద పడేసి ఒక్క గెంతు గెంతింది.

తూకం గబుక్కున దగ్గరికెళ్ళింది. "ఆటలు కాదు, దిగు," అంది. పిల్ల వినలేదు. కళ్ళు మూసుకుంది. ముప్ఫై దాకా కూడా అక్కర్లేకపోయింది.

"ఎడమ పక్క దిగింది."

అన్నయ్య చేతిలో కత్తెర బల్ల మీద పెట్టాడు. "ఏదీ, సరిగ్గా చూసి చెప్పు."

"చూడ్డానికేముంది నాన్నా? ఎడమ కాలు బరువుగా వేలాడుతోంది. నీకు తెలీలేదా?" బయట వాన పడుతోందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

అన్నయ్య ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు తూకం ఇదివరకు ఒక్కసారే చూసింది, తాత ముఖంలో. ఆయన దగ్గరికెళ్ళి కూతురికి చెయ్యిచ్చి దింపాడు. "రెండు కాళ్ళూ ఒకేసారి ఆనించు," అన్నాడు. పిల్ల సంచి తీసి భుజాన వేసుకోబోతే, "అట్లా ఒక భుజానికి వేసుకోకు తల్లీ," అన్నాడు.

"ఎందుకు నాన్నా?"

"చెప్తా. నీ సీటు ఎక్కడికీ పోదుగా? కాలేజీవాళ్ళకి ఉత్తరం రాద్దాం. అత్తకి ఒంట్లో బాగాలేదు. ఈలోగా ఎవరో ఒకరు దొరక్కపోరు. ఒక్క ఏడాది ఆగు."

పిల్ల అయోమయంగా చూసింది. ఆ అయోమయం మధ్యలో చిన్న గర్వం కూడా ఉంది. తూకాన్ని భయపెట్టింది ఆ గర్వమే. తను కూడా అలాగే మురిసిపోయింది.

"ఎందుకైనా మంచిది, నువ్వొక్కసారి ఎక్కి చూడు," అన్నాడు అన్నయ్య చెల్లెలితో. "ఇదే ఆఖరుసారి. పిల్ల చెప్పింది నిజమో కాదో తేలిపోతుంది."

తూకం ఎక్కింది. తుంటిలో మేకు దిగినట్టయింది. కళ్ళు మూసుకుంది. ఎడమ పక్క దిగి ఉంది, సందేహం లేదు. మామూలు విషయాల్లో ఆవిడ అబద్ధం ఎరగని మనిషేం కాదు. గ్లాసు పగిలితే పిల్లి మీదికి తోసిన సందర్భాలున్నాయి. కానీ ఆ గుర్రం మీద కూర్చుని ఇంతవరకూ అబద్ధమాడలేదు. ఆవిడకంటూ ఉన్న ఆస్తి అదొక్కటే. నిజం చెబితే తను దిగుతుంది, పిల్ల ఎక్కుతుంది. అబద్ధం చెబితే పిల్ల వెళ్తుంది, తను దిగదు. నూరు లెక్కపెట్టింది. మూడో దారి దొరుకుతుందేమోనని ఇంకో నూరు లెక్కపెట్టింది. దొరకలేదు.

"సమంగా ఉంది," అంది.

"ఎడమ పక్క..."

"సమంగా ఉందన్నానా? దీనికేం తెలుసు? కోతిలా ఎక్కి కూర్చుని నోటికొచ్చింది వాగింది. దీని చేత తూకం చెప్పిస్తే నెల్లాళ్ళలో కొట్టు మూసుకోవాలి."

"లేదత్తా, నాకు నిజంగానే..."

"నీకు చేతకాదే. వెళ్ళి ఆ ఇంజన్లేవో చూసుకో."

పుట్టినప్పట్నుంచీ ఆ పిల్లని ఆవిడ ఒక్క మాట అని ఎరగదు. పిల్ల కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. సంచి తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వదిన నిష్ఠూరంగా చూసి వెనకాలే వెళ్ళింది.

"మరైతే ఎట్లా?" అన్నాడు అన్నయ్య.

"ఎట్లా ఏముంది? నేనే ఎక్కుతా."

"డాక్టరు..."

"డాక్టరుకేం, చెప్తాడు. కొట్టు ఆయన నడుపుతాడా?"

అన్నయ్య ఇంకోసారి వద్దంటాడేమోనని ఆవిడ ఆగింది. అనలేదు. సాయంత్రం వదిన వచ్చి ఆఖరి కుట్టు వేసేసింది.

ఆ రాత్రి ఎవరికీ సరిగా నిద్ర లేదు. పొద్దున్నే అన్నయ్య టిక్కెట్టు కోసం బస్టాండుకి వెళ్ళాడు. వదిన వంటింట్లో దారికి పొట్లాలు కడుతోంది. తూకం కొట్టులోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. పిల్ల గట్టెక్కింది సరే, ఆ ఆడగుర్రం ఏం పాపం చేసింది? నోరులేని జీవం. ఆవిడ జీనుని ఒళ్ళో బోర్లా వేసుకుని, ఎడమ దిండు మీద వదిన వేసిన ఆఖరి కుట్టుని కత్తి మొనతో తెంపింది. గోనెసంచిలోంచి పిడికెడు ఉన్ని తీసింది.

తలుపు కిర్రుమంది. పిల్ల. అత్తకి చెప్పి రమ్మని తల్లి పంపింది కాబట్టి వచ్చింది, ముఖం గంటు పెట్టుకుని. వెళ్ళొస్తానని నోరు తెరిచి, తెరిచిన దిండు చూసి, అత్త చేతిలో ఉన్ని చూసి, ఆగిపోయింది.

"ఎడమ పక్క," అంది.

తూకం ఉన్నిని పిడికిట్లో దాచుకుంది.

"అంటే నేను చెప్పింది నిజమే."

"ముందా తలుపు వెయ్యి."

పిల్ల తలుపేసి వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుంది. అత్త పిడికిలి వంక చూసింది. "ఎంత పెడుతున్నావు?"

"పిడికెడు."

"చాలదత్తా. పిడికెడున్నర."

తూకానికి ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల! అయినా అర పిడికెడు కలిపి కూరింది. జీను గుర్రం మీద వేసి, పళ్ళు బిగబట్టి ఎక్కింది. ఆవిడ ఒంటికి ఎడమ పక్క కాస్త ఎక్కువైనట్టు తోచింది. దిగి, గూట్లోంచి తాత రసమట్టం తీసి, బరువుకి ఉన్ని అణిగిన ఆ జీను మీద పెట్టింది. బుడగ నడిమధ్యకి వచ్చి నిలబడింది. పిల్లదే సరి. అరిగిన తుంటి అర పిడికెడు మింగేసింది. ఎన్నాళ్ళుగా మింగుతోందో, ఎన్ని గుర్రాల వీపులు పుండయ్యాయో.

"మరి నిన్న ఎందుకట్లా అన్నావు?" అంది పిల్ల. "రాత్రంతా ఏడ్చాను తెలుసా."

"ఏడిస్తే ఏడ్చావు. ఏడుపు రెండ్రోజుల్లో పోతుంది." తూకం కొయ్యగుర్రాన్ని చేత్తో చరిచింది. "ఇది పోదు."

పిల్లకి అర్థమయింది. అర్థమైన పిల్ల అనే మాటే అంది. "డాక్టరు నిన్ను ఎక్కొద్దన్నాడుగా. ఒక్క ఏడాదేగా అత్తా, నేను ఆగి..."

"నోర్ముయ్!" తోలు కుట్టడానికి తీసుకున్న ఆర తూకం చేతిలోంచి నేల మీద పడి దొర్లింది. "ఆ మాట ఇంకోసారి అన్నావంటే చంపేస్తా. నాకు ఏడాది కూడా చెప్పలేదే. ఒక్క ఆర్డరు అన్నారు. ముప్ఫై ఏళ్ళయింది. ఈ ఊరి పొలిమేర అవతల ఏముందో నాకు తెలీదు. నిజం గుర్రం ఒళ్ళు వెచ్చగా ఉంటుందంటారు, అదీ తెలీదు. నిన్ను ఒక్కసారి చంకనెత్తుకోలేదు నేను. నువ్వు నాకంటే బాగా చెప్పావు. అందుకే అంటున్నా. మీ నాన్నకి తెలిసేలోపు బస్సెక్కు."

పిల్ల లేచి ఆవిణ్ణి కావలించుకుంది. ఆ ఊపుకి ఇద్దరూ ఒక పక్కకి తూలారు. తూకం నిలదొక్కుకునే ప్రయత్నం చేయలేదు.

బయట వదిన కేకేసింది. పిల్ల కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. తూకం గుమ్మంలో నిలబడి చూసింది. సంచి నిండా పుస్తకాలు, బట్టలు, వదిన పొట్లాలు. అంత బరువునీ కుడి భుజానికే తగిలించుకుని, ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగిపోయి, ఎడమ చెయ్యి ఊపుకుంటూ పోతోంది పిల్ల. తాత చూస్తే అక్కడికక్కడే గుండె ఆగేది. అంత వంకరగా నడిచే మనిషిని చూసి ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ సంతోషించలేదు. తూకం సంతోషించింది. వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి కుట్టు పూర్తిచేసింది.

బస్సెక్కించి అన్నయ్య తిరిగొచ్చాడు. జీను మూట కట్టబోతూ అలవాటు కొద్దీ దిండు వెనక వేలితో తడిమాడు. వేలికి మైనం అంటుకుంది. నిన్న వేసిన కుట్టు మైనం ఈపాటికి గట్టిపడాలి. పైగా వదిన కుట్టు ఎడం ఎడంగా ఉంటుంది, ఇది చీమల బారులా ఉంది. ఆయన మూట కట్టడం మానేశాడు.

"ఎడమ పక్కే," అన్నాడు.

"ఊఁ."

"ఎంత పెట్టావు?"

"పిడికెడున్నర."

"అంత తేడా నిన్న నీకు తెలీలేదా? అసలు నువ్వెప్పుడూ పిడికెడే అంటావు. అర ఎవరన్నారు?"

ఆ అర ఎవరిదో ఆయనకి తెలిసిపోయింది. తూకం చెప్పనక్కర్లేకపోయింది. ఆయన జేబులోంచి ఫోను తీశాడు. బస్సు ఇంకా ఊరు దాటి ఉండదు.

"అన్నయ్యా," అంది. "దానికి ఫోను చేశావంటే నేనీ గుర్రం ఎక్కను. నువ్వే ఎక్కు. రెండు పక్కలా ఒరిగిందని చెప్పి కుట్టించుకో."

"చెయ్యకపోతే?"

"ఎక్కుతా."

"ఎన్నాళ్ళు ఎక్కుతావే ఆ తుంటితో?"

"నీకెందుకు? ఎక్కుతానన్నా కదా. ఇకమీదట నేను చెప్పినదానికి ఎడమ పక్క అర పిడికెడు కలిపి రసమట్టం పెట్టి చూడు. సర్దుకుంటే సరిపోతుంది."

అన్నయ్య ఫోను వంక చూశాడు, చెల్లెలి వంక చూడలేకపోయాడు. సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే ఫోను జేబులో పెట్టుకుని, లోపలికెళ్ళి వంటింటి ముక్కాలిపీట తెచ్చి కొయ్యగుర్రం పక్కన వేశాడు, ఆవిడ ఎక్కడానికి వీలుగా. నలభై మూడేళ్ళలో ఎవరికీ తోచని పని అది.

"ఇంకో రెండు సిద్ధంగా ఉన్నాయి," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"తీసుకురా."

ఆయన జీను తెచ్చి గుర్రం మీద వేశాడు. తూకం పీట మీద కాలు పెట్టి, ఆయన భుజం పట్టుకుని ఎక్కింది. నొప్పి తన్నుకొచ్చింది. కాళ్ళు వేలాడేసి కళ్ళు మూసుకుని లెక్క మొదలుపెట్టింది. బస్సు ఊరు దాటడానికి ఎంతసేపు పడుతుందో, ఎప్పుడూ దాటని మనిషికి ఎలా తెలుస్తుంది? అందుకని నూరు దగ్గర ఆపకుండా లెక్కపెడుతూనే ఉంది.